ఆడినెలలో అమ్మిన కారు

జయరావు కారు బానెట్ మీద వేలి కణుపులతో రెండుసార్లు తట్టి, ఆ చప్పుడు విని పెదవి విరిచాడు. పుచ్చకాయ కొనేవాడైనా ఇంతకంటే మర్యాదగా తడతాడనిపించింది వనజాక్షికి.

మగ్గాల షెడ్డుకు ఆనించి వేసిన రేకుల పంచలో, నూలు మూటల నడుమ దుమ్ము కప్పుకుని ఉంది ఆ కారు. ముదురాకుపచ్చ రంగు. రెండే తలుపులు. పొడుగాటి ముక్కు. సైకిలుకున్నట్టు చువ్వల చక్రాలు. వెనక అద్దం జారుడుబల్లలా వాలి ఉంటుంది. ముందరి జాలీలో ఎనిమిది మూలల బిళ్ళ మీద ఎమ్.జీ. అని ఇంగ్లీషు అక్షరాలు.

"రేకు మందంగానే ఉండాదిలే," అన్నాడు జయరావు. నగరిలో పాత ఇనుము ఎవరమ్మినా అతనికే అమ్ముతారు. "మొత్తంగా మోసుకపోయేది మాత్రం కుదర్దు రామలింగయ్యా. ఈడ్నే గ్యాసు కట్టరు పెట్టి నాలుగు ముక్కలు చేసేస్తా. ఆడికిర్తిక పండగ పోనీ, మర్నాడే వస్తా."

"నూలు మూటలు జరిపిస్తాలే. ఈ ఆడినెల పోయి ఆవణి పుట్టినంక నాకు రెండు కొత్త మగ్గాలు దిగతా ఉండాయి. ఈ చోటు కావాల," అన్నాడు రామలింగయ్య. ఆయన వనజాక్షి మొగుడికి అన్న. షెడ్డు ఆయన పేర ఉంది కాబట్టి షెడ్డులో ఆయన మాటే మాట.

కారు మాత్రం ఆయనది కాదు. కండెలు చుట్టే యంత్రం పక్కన స్టూలు మీద కూర్చున్న మునిరత్నానిది. వనజాక్షి నాయన ఆయన. పుత్తూరులో మెకానిక్కు. ఎవరో దొర వదిలేసిపోగా తుప్పు పట్టిన బండిని, ఒక్కొక్క మర దొరికినప్పుడల్లా బిగించుకుంటూ, కూతురు బడికి పోయే రోజుల నుంచీ నిలబెట్టుకుంటూ వచ్చాడు. ఎండాకాలంలో జారిపడి కుడిచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడా చెయ్యి వెదురుబద్దల మధ్య, గుడ్డుసొన పట్టించిన గుడ్డల్లో, ఎముకల వైద్యుడు కట్టిన కట్టులో ఉంది. అద్దె షెడ్డు అంతకుముందు దసరాకే వదిలేశాడు. అప్పుడు కారూ, చెయ్యి విరిగాక ఆయనా కూతురి పంచకు చేరారు.

జయరావు వెనక చక్రం చూడాలనుకుని, "పెద్దాయనా, కాస్త జరుగు," అన్నాడు.

మునిరత్నం లేచి, స్టూలు ఎడమచేత్తో ఎత్తుకుని, పక్కకు జరిగాడు.

ఆ జరగడం చూసింది వనజాక్షి. కారు ఎవరిదని ఎవరూ అడగలేదు. అమ్ముతావా అనీ అడగలేదు. జరగమన్నారు, జరిగాడు.

వాళ్ళు పోయాక అడిగింది: "నువ్వేమీ అనవేం నాయనా?"

"ఏమనేది పాపా. చోటు వాళ్ళది."

ఆ మధ్యాహ్నం పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా వనజాక్షి తడిగుడ్డతో కారు ముఖం తుడిచి, ఫోన్లో నాలుగు ఫోటోలు తీసింది. పాత సామాన్లు అమ్ముకునే చోట పెట్టడానికి రాయడం మొదలుపెట్టింది. తొమ్మిదో తరగతిలో ఆగిన చదువు. ఒక్కొక్క అక్షరం వెతుక్కోవాలి. 'అమ్మబడును. ఇంగ్లీషు కారు. రెండు తలుపులు. మా నాయనది.' ఇంకేం రాయాలో తోచలేదు. చివరికి 'నడుస్తుంది' అని రాసింది. రాశాక వేలు ఆగింది. పోయిన దసరాకు నాయన దాన్ని తోలుకొచ్చి ఆ పంచలో పెట్టాక అది కదల్లేదు. అన్నం పొంగింది. వేలు దానంతటదే నొక్కేసింది.

రాత్రి అన్నం దగ్గర మొగుడు ధనుంజయ ఫోను చూసి కళ్ళు పెద్దవి చేశాడు. "నడస్తాదని రాసినావే! ఎవురు నడిపేది? మామ చెయ్యి అట్లుండాది. నాకు మగ్గం తప్ప ఏమీ తోలేదానికి రాదు."

వనజాక్షి కూతురు జాహ్నవికి ముద్దలు కలుపుతూ తల ఎత్తలేదు. ఆమెకు లైసెన్సు ఉంది. పెళ్ళికి ముందు నాయన పట్టుబట్టి తీయించాడు. ఆ ఆకుపచ్చ కారు స్టీరింగు పట్టుకునే నేర్చుకుంది. కానీ జాహ్నవి పుట్టాక ఆమెకు రోడ్డు మీద ప్రతి బండీ తన బిడ్డనే వెతుక్కుంటూ వస్తున్నట్టు ఉంటుంది. పొద్దున బడి ఆటో ఎక్కించి, వీధి చివర మలుపు తిరిగేదాకా వెనకే పరిగెత్తుతుంది. ఆటో డ్రైవరు అద్దంలో చూసి నవ్వుతాడు. నవ్వితే నవ్వాడు, మెల్లగానైనా పోతాడని ఆమె లెక్క.

తెల్లవారేసరికి ఫోను నిండా మాటలు. 'దీంతోపాటు దొరని కూడా ఇస్తారా అక్కా?' 'ఇది కారా, కాలి చెప్పా?' 'మైలేజీ ఎంత?' 'ఆడినెలలో అమ్మేవాళ్ళుంటారు గానీ కొనేవాళ్ళుంటారా?' చదివి చదివి ఆమె మొహం మాడిపోయింది. తీసేద్దామనుకుంటుండగా మోగింది.

"నేను గ్రేసీని. చిత్తూరు. డాక్టరుగా చేసి రిటైరైనా. కారు ఉండాదా, పోయిందా?" ముసలి గొంతే గానీ కత్తిలా ఉంది.

"ఉండాది మేడమ్."

"నిజంగా నడస్తాదా? అబద్ధమైతే ఇప్పుడే చెప్పేయ్. ఊరికే నా నడుముని అంత దూరం ఎగరేయొద్దు."

వనజాక్షి పంచలో ఉన్న కారు వైపు చూసింది. "నడస్తాది మేడమ్." ఆడినెలలో ఎవరూ కొత్త వస్తువు ఇంటికి తెచ్చుకోరు, ఉండబట్టలేక అడిగింది. "ఆడినెల గదా... కొంటారా?"

"మాకు ఆడీ లేదు, ఆవణీ లేదు. కిర్తిక రోజు రోడ్ల మీద మొక్కు కావళ్ళు నడస్తా ఉంటాయి. మర్నాడు పొద్దున్నే వస్తా."

కృత్తిక మర్నాడు. జయరావు వస్తానన్నదీ అదే రోజు.

* * *

ఆడికృత్తిక నాడు నగరిలో మగ్గాలు ఆగుతాయి. ఎప్పుడూ టకటకమంటూ ఉండే వీధి ఆ ఒక్కరోజు కొత్త చోటులా ఉంటుంది. అత్త గురవమ్మ పసుపు చీర కట్టి, మొక్కు కావడి ఎత్తుకుని, రాత్రికి కొండ మీదే ఉంటానని చెప్పి తిరుత్తణి గుడికి వెళ్ళిపోయింది. ఆమె వెనకే రామలింగయ్య కుటుంబం కూడా. రోడ్డు మీద డప్పులూ, భక్తుల 'అరోహరా'లూ దూరమయ్యాక వనజాక్షి చీర కుచ్చిళ్ళు ఎగదోపి కారు ముక్కు ఎత్తింది.

"ప్లగ్గులు విప్పు. ఎడమకి తిప్పు. బలంగా వద్దు, అవి ముసిలివి," అన్నాడు మునిరత్నం స్టూలు మీద నుంచి.

జాహ్నవిని గడప దాటి రావద్దని చెప్పి, గడప మీద బొరుగుల గిన్నె ఇచ్చి కూర్చోబెట్టింది. ప్రతి మరా విప్పే ముందు ఒకసారి గడప వైపు చూసింది. ప్లగ్గులు గరుకు ఉప్పు కాగితంతో రుద్ది, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, నాయనకు చూపించింది. ఆయన తల ఊపాడు. కార్బరేటర్ల నెత్తిన ఉన్న ఇత్తడి మూతలు విప్పి, మగ్గానికి పోసే పల్చటి నూనె చుక్కలు చుక్కలుగా పోసింది. ధనుంజయ క్యానుతో పెట్రోలు తెచ్చాడు. ఎదురింటి లారీ డ్రైవరు నాగరాజు తన బండిలోంచి ఒక బ్యాటరీ ఊడదీసి, బిడ్డను మోసినట్టు పొట్టకు ఆనించుకుని తెచ్చాడు.

"అక్కా, ఈ లోపలికి నేను దూరలేనుగానీ బయటినుంచి సలహా మాత్రం ఎంతైనా ఇస్తా," అన్నాడు.

వనజాక్షి సీట్లో కూర్చుని తాళం తిప్పింది. కారు వెనక నుంచి టిక్, టిక్, టిక్ అని చప్పుడు. వేగంగా, తర్వాత మెల్లగా, తర్వాత ఆగింది.

మునిరత్నం మొహం విప్పారింది. "పెట్రోలు ఎక్కింది పాపా! చోకు లాగు. ఇప్పుడు సెల్ఫు కొట్టు."

ఇంజను దగ్గింది. మళ్ళీ దగ్గింది. అందుకుంది. ధనుంజయ చప్పట్లు కొట్టబోయి చేతులు ఎత్తేలోపు, గొంతు పట్టి నులిమినట్టు ఆగిపోయింది.

మళ్ళీ కొట్టారు. మళ్ళీ అదే. అందుకోవడం, ఊపిరాడనట్టు గుంజుకోవడం, చచ్చిపోవడం. పెట్రోలు గొట్టం విప్పి ఊదారు. పాయింట్లు రుద్దారు. కార్బరేటర్లు దించి కడిగి ఎక్కించారు. నాగరాజు కాయిల్ పోయిందన్నాడు, తర్వాత కండెన్సర్ అన్నాడు, తర్వాత దిష్టి తగిలిందన్నాడు. పొద్దు వాలేసరికి బ్యాటరీ కూడా నీరసించింది. నాగరాజు దాన్ని ఛార్జింగుకు మోసుకుపోయాడు.

మునిరత్నం కారు మడ్గార్డు మీద ఎడమచెయ్యి ఆనించాడు. "నాకు తెలీడం లేదు పాపా," అన్నాడు.

ఏ బండి గురించీ ఆ మాట అనగా ఆమె వినలేదు. నడుస్తుందని రాసింది తను. నడుస్తుందని ఫోన్లో చెప్పింది తను. రేపు ఆ ముసలామె నడుము విరుచుకుని వస్తుంది. ఆమె ముందు తలదించుకోవాల్సింది మాత్రం నాయన.

* * *

డాక్టరమ్మ అన్నంత పనీ చేసింది. వీధిలో మగ్గాలన్నీ మళ్ళీ మొదలైన కాసేపటికి టాక్సీలో దిగింది. పొట్టి తెల్లజుట్టు, నూలు చీర, కాళ్ళకు గుడ్డ బూట్లు. ఎవరినీ పలకరించకుండా కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, పైకప్పు మీద అరచెయ్యి పెట్టి అలాగే ఉంచింది.

"మా నాయన దగ్గర ఇట్లాంటిదే ఉండె," అంది. "తాళాలు మా అన్నకిచ్చినాడు. నేను గేటు తీసేదాన్ని."

"మా నాయన నాకే ఇచ్చినాడు మేడమ్," అంది వనజాక్షి. అన్నాక సిగ్గేసింది.

డాక్టరమ్మ ఆమె వైపు మొదటిసారి సరిగ్గా చూసింది. "అయితే తీయ్."

అప్పటికే జయరావు మూడుచక్రాల బండిలో గ్యాసు సిలిండరు వేసుకుని వచ్చి, పంచకు అడ్డంగా నిలిపి, దానికి ఆనుకుని ఉన్నాడు. పొద్దున్నే కొండ నుంచి వచ్చేసిన రామలింగయ్య చంకలో కండువా పెట్టుకుని నిలబడ్డాడు. నాగరాజు ఛార్జి చేసి తెచ్చిన బ్యాటరీ బిగించి, వనజాక్షి సీట్లో కూర్చుంది.

తాళం తిప్పింది. టిక్ టిక్ మంది. కొట్టింది. ఇంజను దగ్గింది, అందుకుంది, ఆగింది. మళ్ళీ. మళ్ళీ. 

"పానం గిలగిల్లాడతా ఉండాది," అన్నాడు జయరావు. "నొప్పి తెలీకుండా నేను ముగించేస్తాలే."

"పెద్దావిడని ఊరికే రప్పించినావు కదమ్మా," అన్నాడు రామలింగయ్య. "ఇంటి పరువు యాడికి పోవాల?"

డాక్టరమ్మ కోప్పడలేదు. కిటికీ దగ్గరికి వంగి, "నడస్తాదని రాసినావు బిడ్డా," అంది మెత్తగా. తిట్టినా బాగుండేదనిపించింది వనజాక్షికి. మునిరత్నం కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. డాక్టరమ్మ టాక్సీ వైపు తిరిగింది.

సరిగ్గా అప్పుడు షేర్ ఆటో ఒకటి ఆగి, అందులోంచి గురవమ్మ దిగింది. నున్నటి గుండు మీద చందనం ఆరి పొలుసులు రేగి ఉంది. చంకలో విభూతి పొట్లాలు. "ఏందిరా గుంపు? ఎవురు పోయినారు?"

"ఎవురూ పోలేదమా. మామ కారు స్టార్టు కాకుండా సతాయిస్తా ఉండాది. దగ్గతాది, ఆగిపోతాది," అన్నాడు ధనుంజయ.

"దగ్గక ఏం చేస్తాది?" అంది గురవమ్మ. "దాని ఎనక పొగగొట్టంలో నేను నూలు కుక్కినా గదా."

అందరి తలలూ కారు వెనక గొట్టం వైపు తిరిగాయి. పక్క షెడ్డులో మగ్గాలు మాత్రం టకటకమంటున్నాయి.

ఆ ఇంట్లో బొక్క అన్నది కనబడితే గురవమ్మ ఊరుకోదు. గోడ సందయినా, తలుపు కిందయినా, తూము నోరయినా, మగ్గాల కింద పోగైన వేస్టు నూలు ఉండచుట్టి కుక్కేస్తుంది. ఎలుక ఒక్కటి దూరిందంటే పడుగంతా కొరికి పెడుతుంది. నేతోళ్ళ ఇళ్ళల్లో ఆ పని ఎవరూ ఎవరికీ చెప్పరు, ముగ్గు వేసినట్టు చేసేస్తారు. కారు వెనక గొట్టం ఆమెకు ఇంకో ఎలుక బొక్క.

"ఎప్పుడు కుక్కినావమా?" అన్నాడు ధనుంజయ.

"వచ్చినప్పుడే! కోడలి సొత్తు గదా, ఎలకలు కాపురం పెడతాయని. ఒక పొద్దంతా కూసోని, కట్టెతో పొడిసి పొడిసి గట్టిగా కుక్కినా. ఎవురైనా అడిగితే గదా చెప్పేది."

వనజాక్షి అప్పటికే కారు వెనక నేల మీద పడుకుని ఉంది. దారం లాగే ఇనుప కొక్కి గొట్టంలోకి దూర్చి తిప్పి లాగింది. కొంచెం వచ్చింది. ఇంకా లాగింది. లుంగీల నీలం, గళ్ళ టవళ్ళ ఎరుపు, చిలకపచ్చ, మసి అంటిన పసుపు, చిక్కులు చిక్కులుగా దారం వస్తూనే ఉంది. జాహ్నవి గడప మీద ఎగిరి కేకలు పెట్టింది. మునిరత్నం నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వితే చెయ్యి నొప్పి పుడుతుంది, 'అబ్బా' అంటూ కట్టు పట్టుకుని మళ్ళీ నవ్వాడు.

"ఎంత బాగా కుక్కినావు వదినా! నిన్నంతా నన్ను చంపేసినావు గదా!"

"నేను ఏం చేసినా గట్టిగానే చేస్తానన్నా," అంది గురవమ్మ గర్వంగా.

వనజాక్షి మసి చేతులతోనే సీట్లో కూర్చుంది. తాళం తిప్పింది.

ఇంజను దగ్గలేదు. ఒక్కసారిగా గొంతు విప్పింది. గొట్టంలో మిగిలిన ఎర్ర దారం ఉండ ఎగిరొచ్చి రామలింగయ్య తెల్ల చొక్కా మీద, సరిగ్గా జేబు దగ్గర, మందారంలా అంటుకుంది. రేకులు అదిరాయి. పంచ మీది పావురాలు లేచిపోయాయి. పక్క షెడ్డులో ఒక మగ్గం ఆగింది, దాని పక్కది ఆగింది, ఎదుటి షెడ్డులోవి కూడా ఆగాయి. పండగకు తప్ప ఆగని మగ్గాల దగ్గర నుంచి మనుషులు చేతులు తుడుచుకుంటూ వీధిలోకి వచ్చారు. ఆకుపచ్చ కారు వాళ్ళ మధ్య దిట్టంగా, నిలకడగా గుర్రుమంటూ ఉంది.

డాక్టరమ్మ టాక్సీ తలుపు మూసేసి వచ్చింది. "ఊరికే అరిస్తే చాలదు. నన్ను కూర్చోబెట్టుకుని తోలి చూపించండి."

నాగరాజు ముందుకు దూకాడు. ఒక కాలు లోపల పెట్టాడు. పొట్ట స్టీరింగుకు తగులుకుంది. రెండో కాలు బయటే ఉండిపోయింది. నలుగురూ పట్టి లాగితే గానీ బయటికి రాలేదు. "ఇది కారు కాదబ్బా, బనీను!" అన్నాడు రొప్పుతూ. వీధంతా నవ్వింది.

నవ్వులో ధనుంజయ వనజాక్షి దగ్గరికి వచ్చాడు. పెద్దగా అనలేదు. "నువ్వే తోలాల వనజా."

ఆమె గడప వైపు చూసింది. "పాపని పట్టుకో. గట్టిగా. చెయ్యి వదలొద్దు."

"వదల్ను. పో."

డాక్టరమ్మ పక్కసీట్లో కూర్చుని బూట్లు సర్దుకుంది. వనజాక్షి రివర్సు వేసింది. అద్దంలో జయరావు బండి అడ్డంగా కనబడింది. కిటికీలోంచి తల బయటపెట్టి, "అన్నా, కాస్త జరుపు," అంది.

జయరావు సిలిండరు బండిని పక్కకు తోసుకున్నాడు.

వీధి చివరిదాకా మొదటి గేరే. క్లచ్చు వణికింది, కారు రెండుసార్లు తల ఊపింది. ఒక కోడి, ఒక నూలు తోపుడుబండి, బడి ఆటో ఒకటి ఎదురొచ్చాయి. ప్రతిదానికీ ఆమె బ్రేకు మీద కాలు పెట్టింది. హైవే ఎక్కాక రెండో గేరు, మూడో గేరు. పొడుగాటి ముక్కు ముందు రోడ్డు చక్కగా విప్పుకుంటోంది. తన చేతులకు అన్నీ గుర్తున్నాయని అప్పుడు తెలిసింది ఆమెకు. ఎప్పుడో నేర్చుకున్న ఎక్కంలా ఎక్కడా తడుముకోలేదు.

తిరిగి వచ్చేదాకా డాక్టరమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. దిగి, నేరుగా మునిరత్నం దగ్గరికి వెళ్ళింది. రామలింగయ్య దారిలో నిలబడి, "బేరం నాతో మాట్లాడొచ్చు మేడమ్," అన్నాడు.

"కారు నీదా?"

"చోటు నాది..."

"చోటు నాకొద్దు." ఆయన్ని దాటి, మునిరత్నం ముందు నిలబడింది. "అమ్ముతారా? మీకు ఇష్టమేనా? ఎంతకో మీరే చెప్పండి."

మునిరత్నం తడబడ్డాడు. లేచి నిలబడ్డాడు. కూతురి వైపు చూసి, మళ్ళీ డాక్టరమ్మ వైపు చూసి, ఒక ధర చెప్పాడు. ఆమె తగ్గించమని అడగలేదు.

"ఒకటి చెప్పాల," అన్నాడు మునిరత్నం. "దీన్ని అద్దాల గదిలో పెట్టొద్దు. నడపాల."

"డెబ్బై దాటినాక కొంటా ఉండానయ్యా, పెట్టుకుని చూసేదానికా? మా కాంపౌండులోనే దీన్ని తోలి తోలి చెయ్యి అలవాటు చేసుకుంటా. ఈ బిడ్డని చిత్తూరుకి తెచ్చిపెట్టమనండి. ఇయాల్నే. ఇంకొకరు తోలేది నాకు వద్దు." టాక్సీ ఎక్కి ముందు బయల్దేరిపోయింది.

రామలింగయ్య చొక్కా మీది ఎర్రదారం దులుపుకుంటూ, "నేను అప్పుడే అనుకున్నా, మంచి బండి అని," అన్నాడు. గురవమ్మ కొడుకు వైపు చూసిన చూపుకు ఆయన మళ్ళీ నోరెత్తలేదు.

* * *

బయల్దేరేముందు గురవమ్మ నాలుగు చక్రాలకూ కొండ విభూతి పెట్టింది. తను కూడా వస్తానని ఒక కాలు లోపల పెట్టి, వెనక బల్ల చూసి, "ఇది మనుషులు కూసునేదానికి కాదు, టిఫిను డబ్బాలు పెట్టేదానికి," అని దిగిపోయింది. మునిరత్నం ముందు సీట్లో సర్దుకుని కూర్చున్నాడు. ధనుంజయ జాహ్నవి చెయ్యి పట్టుకుని పక్కన నిలబడి ఉన్నాడు. చెప్పినట్టే వదల్లేదు.

వనజాక్షి తాళం తిప్పబోయి ఆగింది. "పాపని ఎనక కూర్చోబెట్టు."

"నిజంగానా?"

"కూర్చోబెట్టు. వాళ్ళ అమ్మ తోలేది చూడనీ."

మగ్గాల వీధిలో జనం గోడలకు ఆనుకుని దారి ఇచ్చారు. నాగరాజు లారీ హారను మోగించాడు. హైవే ఎక్కి పుత్తూరు వైపు తిరిగేసరికి ఎండ చిక్కబడింది. మునిరత్నం కుడికాలు కింద లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. "బస్సు పాపా... గేదె పాపా... సైకిలోడు చూడకుండా వస్తా ఉండాడు..." అంటూనే ఉన్నాడు. ఆమె "చూసినా నాయనా" అంటూనే ఉంది. పుత్తూరులో ఆయన తన పాత షెడ్డు వైపు తల తిప్పలేదు. ముందున్న పాల వ్యాను వైపే చూశాడు. "ఇప్పుడు దాటు," అనబోయేసరికి ఆమె దాటేసింది.

కార్వేటినగరం దాటాక రోడ్డుకు రెండువైపులా మామిడితోటలు. కాయలు కోసేసిన చెట్లు తేలిగ్గా ఉన్నాయి. కిటికీలోంచి గాలి, ఆకుల వాసన. గుట్ట దిగుతూ మలుపు. ఎదురుగా బస్సు వచ్చింది, ఆమె ఎడమకు తగ్గింది, బస్సు పోయింది. నాయన ఏమీ అనలేదు. ఆయన కాలు కూడా కదల్లేదు.

వెనక నుంచి జాహ్నవి రెండు సీట్ల మధ్య తల దూర్చింది. "అమ్మా, తాత నిద్రపోయినాడు."

వనజాక్షి కళ్ళ చివర నుంచి చూసింది. మునిరత్నం తల తలుపుకు వాలి ఉంది. నోరు కొంచెం తెరిచి సన్నగా గురక పెడుతున్నాడు. కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో, దేన్నీ పట్టుకోకుండా పడి ఉంది.

"లేపనా?"

"వద్దు," అంది. "పడుకోనీ."

ముందు రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంది. ఆయనకు కుదుపు తెలియకుండా క్లచ్చు నెమ్మదిగా తొక్కి, ఆమె నాలుగో గేరు వేసింది.